పూలుంటేనే తోట

లుసాకా,
జూలై, 1935.

రాగి గనిలో ఉన్న మా ఆయన మలంబో గారికి నమ్వింగ నమస్కరించి రాయునది. నేనూ, పాప ముటింటా ఇక్కడ కులాసా. మీ దగ్గు తగ్గిందో లేదో రాయండి.

కొత్త పట్నం ఎలా ఉందని అడిగారు. గుట్టమీద దొరల ఇళ్లు లేచాయి. ఇంటింటికీ పచ్చిక, పూలపాదులు. మన గుడిసెల ముందున్న బాటను వెడల్పు చేసి ఇరువైపులా మొక్కలు నాటారు. వాటికి రోజూ నీళ్లబండి వస్తుంది. మన బావి మాత్రం పూడ్చేశారు.

అమ్మ తుంటి నయమైందా అని రెండుసార్లు రాశారు. ఏప్రిల్‌లోనే అత్తమ్మ పోయింది. జారిపడిందని నేను రాసింది అబద్ధం.

గుడిసె పక్క మన చేలో కంకులు పాలు పోసుకుంటున్న రోజుల్లో దొర వచ్చాడు. వెంట బంట్రోతు వేషంలో మీ తమ్ముడు చోల్వే. ఇది తోటల పట్నమనీ, ఇళ్ల దగ్గర మొక్కజొన్న ఉంటే దోమలు చేరతాయనీ, నరికెయ్యమనీ దొర అన్నాడు.

"ఇది తోట కాకపోతే మరేంట్రా?" అంది అత్తమ్మ.

"పూలుంటేనే తోటమ్మా. తినేవుంటే పొలమట. తప్పుకో, దొర చూస్తున్నాడు."

"నరుకు నాయనా. ఈ గింజల జావ తాగే పెరిగావు. చేతికి సత్తువ ఉంటుందిలే."

ఆమె చాలులో అడ్డంగా పడుకుంది. దొర గడియారం చూసుకున్నాడు. మీ తమ్ముడు కన్నతల్లిని కాళ్లు పట్టి బయటికి ఈడ్చాడు. రాయి తగిలి తుంటి విరిగింది. ఆ అరుపు విని కూడా వాడు కత్తి ఆపలేదు. చేను మొత్తం నరికాకే వెనక్కి చూశాడు.

"జారిపడ్డానని రాయవే. పెద్దోడికి తెలిస్తే చిన్నోణ్ణి బతకనియ్యడు," అని నాచేత ఒట్టు వేయించుకుంది. మంచంలో పుండ్లు పడి, పురుగులు పట్టి పోయింది. చోల్వే పాతిపెట్టడానికి వచ్చాడు. నేను రానివ్వలేదు.

మరిది మమ్మల్ని చూసుకుంటున్నాడా అని కూడా అడిగారు. చూసుకుంటున్నాడు. శనివారం శనివారం పిండిమూట గుమ్మంలో పెట్టి, తల ఎత్తకుండా పోతాడు. మొదటి మూట కోళ్లకు పోశాను. ఆ వారమంతా ముటింటా ఆకలికి ఏడ్చింది. రెండో మూట వండాను.

"బాబాయి పిండి బాగుంది కదమ్మా" అంటుంది పాప. బాగానే ఉంటుంది.

వచ్చే నెల సెలవు పెట్టి వస్తానన్నారు. వచ్చాక ఎవరో చెప్పేకన్నా నేనే చెబుదామని ఒట్టు తప్పాను. వస్తే వాణ్ణి ఏం చేస్తారో నాకు తెలుసు. మీరు జైలుకు పోతారు, మూట ఆగిపోతుంది. చేను లేదు. రావద్దు.

ఇట్లు,
మీ ఇల్లాలు,
నమ్వింగ