పొడుగు కత్తులే తీసుకున్నాను

అక్కా,

లారీ గుద్ది నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అప్పటినుంచి నాయన నన్ను ఒంటరిగా గడప దాటనివ్వడం లేదు. ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి కరపత్రాల్లో చదివినదంతా ఆయన ముందు అరిచి చెప్పాను. మగ్గం ఆపకుండానే విన్నాడు.

నువ్వు నేర్పిన కత్తి విసరడం మరిచిపోతున్నానని ఏడిస్తే, ఇవాళ తానే బత్తలపల్లె కమ్మరి దగ్గరికి తీసుకుపోయాడు.

“కోడికా, కూరకా పాపా?” అన్నాడు కమ్మరి.

“చెక్కకు ఇసిరేదానికి. పదునొద్దు, మొన ఉంటే సాలు.”

“నిన్ను కట్టుకునేటోడు జాగర్తగా ఉండాల!” అని నవ్వాడు.

నువ్వు చూపినట్టే ఒక్కొక్కటీ వేలి మీద నిలిపి బరువు చూశాను. నాయన పొట్టివి ముందుకు తోశాడు.

“ఇంట్లోనే కదా ఇసిరేది. ఇవి దగ్గిర్నుంచే దిగుతాయంట.”

నాకు మండింది. మనం ఊరిబయట బీట్లో విసిరినవాటిలాంటి పొడుగువే తీసుకున్నాను.

ఇంట్లో మగ్గం పక్కన చెక్క నిలబెట్టి విసిరాను. పొడుగు కత్తి గాలిలో పూర్తిగా తిరగడానికి ఆ గది చాలదు. అన్నీ పిడివైపు తగిలి కింద పడ్డాయి.

“ఒగటీ దిగల్యా కదమ్మా,” అన్నాడు నాయన.

“తలుపు తెరువు నాయనా. బీట్లోకి పోదాం, ఆడ దిగుతాయి.”

లేచొచ్చి గడియ మీద చెయ్యి వేశాడు. తియ్యకుండానే మళ్లీ మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు.

కత్తులు తలుపు పక్కనే పెట్టాను.