సీనప్ప పేరు

ప్రహ్లాదా,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఫోన్‌లో చెప్పలేక రాస్తా ఉండాను.

ఊరిగాంలో నువ్విచ్చిన ఇత్తడి పలక మీద, బంగారు గనిలో పోయినవాళ్ల పేర్లన్నీ చెక్కినాను, మీ నాయన సీనప్ప పేరు తప్ప. వాడు నా జతగాడు. ఆ పేరు ఆఖర్న తీరిగ్గా చెక్కుకుందామని దాచుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

కంటి ఆపరేషన్‌కని కోలారులో నా కూతురు వినుత ఇంటికొస్తా పలకను వెంట తెచ్చుకున్నాను. ఇక్కడ చెక్కేదానికి బల్ల యాడ దొరుకుతుందప్పా! ఇస్త్రీ బల్ల ఊగింది. కుట్టుమిషన్ బల్లా ఊగింది. వినుత ఆన్‌లైన్‌లో మడత బల్ల తెప్పించింది. అదీ ఊగుతోందని వడ్రంగిని పిలిచి కాళ్లు బిగింపించి, ఇంకా ఊగుతోందని తిట్టినాను.

"పెద్దాయనా, దీని మీద ఏనుగును నిలబెట్టినా కదలదు" అన్నాడు.

"ఏనుగు పేర్లు చెక్కదు గదప్పా" అన్నాను.

చాంపియన్ రీఫ్స్‌లో గని కింద బండ పగిలే ఏర్ బ్లాస్ట్‌కి భూమి అదిరి అల్మరాలో గిన్నెలు రాలినా మా నాయన పేర్లు చెక్కేటప్పుడు గీత తప్పేవాడు కాదు. సరే, ఇంగ ఆ కథ ఎందుకులే.

నిన్న బల్ల మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి చూసినాను. నీళ్లు కదల్లేదు. గ్లాసు తీసి పలక పెట్టి ఉలి పట్టినాను. మొదటి అక్షరంలోనే గీత పక్కకి జారిపోయింది. ఊగేది నా చెయ్యి.

పలక పంపిస్తాను. మీ నాయన పేరు మిషన్‌వానితో చెక్కించుకో. నన్ను మన్నించు నాయనా.

నిన్న ఉలి జారడం వినుత తలుపు దగ్గర నిలబడి చూసింది. బల్ల మడిచి మంచం కిందికి తోసింది.