కొండ కింది బీడు

ఒరే గురవయ్యా,

ఆ యేడు నా చేను కాదని, మా దాయాది చేలో నీ గొర్రెల మందను నిలిపిన సంగతి నేనింకా మరవలేదు. మంద వేసిన ఎరువంతా వాడి జొన్నకే పోయింది. ఎందుకట్ల చేశావో చెప్పకుండానే చచ్చిపోయావు. నేటికి ఏడాది.

కర్నూలు రాజధాని అయినాక ఊరందరికీ వేరుశనగ పిచ్చి పట్టింది. కొండ కింద బీళ్లన్నీ దున్నేశారు. నాది ఒక్కటే మిగిలింది. మంద కొండకెక్కాలంటే ఇప్పుడు అదే దోవ. నీ గొంగళి కప్పుకొని నీ కొడుకు వస్తుంటే, దూరం నుంచి నువ్వే అనుకొని తిట్టబోయి ఆగాను.

నిన్న నా కొడుకు ఆ బీటికి నాగలి తోలుకొచ్చాడు. ఎద్దులకు అడ్డంగా నిలబడ్డాను.

"ఊరంతా కాయ పండిస్తాంటే మనం గడ్డి పెంచాల్నా నాయనా?"

"దున్నితే మంద యాడికి పోవాల? మంద పోతే నీ చేనికి ఎరువు ఎవుడేస్తాడ్రా, వేరుశనగ కాయేస్తాదా?"

"ఆ గురవయ్య మనకేం ఒరగబెట్టినాడు?"

నేను ఎద్దులను విప్పించాను.

వాడికి చెప్పడానికి నాకు జవాబు కావాలి. ఆ యేడు నా చేను ఎందుకు వదిలావు? ఉగాది లోపల చెప్పు. చెప్పకపోతే తప్పు నీదేనని ఊరంతా చాటుతాను. బీడు మాత్రం దున్ననివ్వను. నీ గొర్రెలు నా నేల మీదుగానే కొండకెక్కాలి, అది చూసి నువ్వు సిగ్గుపడాలి.