నలభై సంతకాలు

శిబిరం,
మార్చి 9, మంగళవారం.

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ కులాసాయేనని తలుస్తున్నట్టు రాయడం మర్యాద. కానీ నిన్ను బడి ఉద్యోగంలోంచి తీసేశారనీ, వీధిగది కిటికీ అద్దాలు పగలగొట్టారనీ బావ రాసిన కార్డు అందాక ఆ మర్యాదకు చెయ్యి రావడం లేదు. తపాలాలో వేస్తే విప్పి చదువుతారు. అందుకే సెలవు మీద వస్తున్న మా లారీ డ్రైవరుతో పంపుతున్నాను. మనిషి కాస్త వాగుడుకాయ గానీ మంచివాడు, భోజనం పెట్టు.

ఈ యుద్ధం దండగనీ, పిల్లల్ని నీళ్లు కారే బూట్లతో చావుకు తోలుతున్నారనీ నువ్వు పేపర్లో రాశావే, అది ఇక్కడికి సబ్బుబిళ్లలకు చుట్టిన కాగితంగా వచ్చింది. మా వంటవాడు దాన్ని బల్లమీద సాపు చేసి అందరికీ చదివి వినిపించాడు. అలాంటివి వింటే మాకు గుండె జారిపోతుందని పైవాళ్ల బెంగ కదా. ఎవరికీ ఏమీ జారలేదక్కా. పోన్లేరా, మన కాళ్లు నానిపోతున్న సంగతి ఊళ్లో ఒక్కరికైనా తెలిసింది అన్నాడు తాత. తాతంటే ముసలాడు కాదు, ముప్పై ఎనిమిదేళ్లు, మాలో పెద్దవాడు. ఆ పూట రెండోసారి వడ్డించమన్నా వంటవాడు కసురుకోలేదు.

మాకు ఒళ్లు మండేది వేరే చోట. ప్రతి శనివారం మా మనోధైర్యం ఎలా ఉందో ఫారం నింపి పంపాలి. మమ్మల్ని అడిగేదేం లేదు, అందరి పేర్ల ఎదుటా కెప్టెనే బాగుంది, బాగుంది అని రాసుకుపోతాడు. మొన్న శనివారం, అంతకు ముందురోజే చనిపోయిన ఇద్దరికీ బాగుంది అని రాసేశాడు. అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియక బూట్లు విప్పి ఆరబెట్టుకున్నాం.

ఇక అసలు సంగతి. టీచరమ్మ రాతలు చదివి మా చేతులు వణుకుతున్నాయి, తుపాకీ పట్టలేకపోతున్నాం, ఆమె నోరు మూయించండి అని సైనికులు రాసిన ఉత్తరం పేపర్లో పడింది కదా. నలభై సంతకాల్లో మూడోది నాదని నువ్వు చూసే ఉంటావు. కెప్టెన్ వరసలో నిలబెట్టి పెట్టమన్నాడు. తాత ఒక్కడే చచ్చినా పెట్టనన్నాడు. అతన్ని అందరికంటే ముందుండే కాపలా చోటికి పంపారు, ఇంతవరకూ తిరిగి రాలేదు. నాకు భయమేసింది, పెట్టేశాను. నీ ఉద్యోగం దాకా పోతుందని అనుకోలేదు.

తిట్టాలనిపిస్తే నోరారా తిట్టు. ఆ తిట్లేవో కాగితం మీద పెట్టి డ్రైవరుకివ్వు. అతన్ని మాత్రం వట్టి చేతులతో పంపకు. నువ్వు మాట్లాడటం మానేస్తే నాకు ఇంకెవరూ లేరు.

నీ ముందు తలెత్తలేని
తమ్ముడు

తా.క. పైదంతా మళ్లీ చదువుకున్నాను. ఒకటి దాచాను. ఆ ఉత్తరంలోని మాటలు కెప్టెన్ చెప్పినవి కావు. మీలో బాగా రాయగలిగేవాడెవడు అని అడిగాడంతే. నేనే చెయ్యెత్తాను. వణికే చేతులూ నావే, పట్టలేని తుపాకీ కూడా నేను కల్పించిందే. ఆ టీచరమ్మ మా అక్కేనని చెప్పలేదు. భలే రాశావని మెచ్చుకుని నన్ను కందకంలోంచి తీసి ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఇదీ అక్కడినుంచే రాస్తున్నాను. నిన్ను తీసేసినందుకు బడివాళ్లకు సైనికులందరి తరఫునా కృతజ్ఞతలు చెబుతూ ఇంకో ఉత్తరం రాయమని నిన్న పురమాయించారు. రాసిచ్చాను. ఆదివారం పేపర్లో వస్తుంది. ఆ పేపరు కొనకు అక్కా.