మైనపు గుడ్డ వాసన

చిరంజీవి వర్షితకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ బాపూ కులాసా. మీ హాస్టల్లో ఫోన్లు పెట్టుకోనివ్వరు కాబట్టి నీ ఉత్తరాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాం. దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. చన్నీళ్లతో తలస్నానం మాత్రం చేయకు.

మీ బడిలో నేర్పిన మైనపు గుడ్డల సంగతి అడిగావు కదా, చేశాను. ప్లాస్టిక్ కవర్లు మానమని వేసవి సెలవుల్లో నువ్వు పెట్టిన పోరు ఊరికే పోలేదు. బాపు బేగంబజార్ వెళ్లి తేనెమైనం తెచ్చాడు. నా పాత నూలు చీర ముక్కలు చేసి, కరిగిన మైనం పూసి ఆరేశాను. గిన్నె మీద కప్పి అదిమితే చేతి వేడికి అంచులకు అంటుకుపోతుంది. సగం కోసిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, మిగిలిన రొట్టెలు అన్నీ ఇప్పుడు వాటిలోనే.

వేడివి చుట్టొద్దని నువ్వు రాసింది మర్చిపోయి, పెనం మీది రొట్టెలు అలాగే చుట్టి బాపుకు కట్టిచ్చాను. దబీర్‌పురా స్టేషన్‌లో డ్యూటీ దిగి వచ్చి, "ఏందే, రొట్టెలకు పాలిష్ పెట్టినవా? పండ్లకు అతుక్కున్నయ్!" అని ఒకటే నవ్వు. అయినా మర్నాడు ఆ గుడ్డే అడిగి తీసుకెళ్లాడు.

గుడ్డకు తేనె వాసన వస్తుందా అని అడిగావు. ఈ ప్రశ్న దగ్గరే నా కలం ఆగింది. బాపు వస్తుందంటున్నాడు. నాకు తెలియదు బిడ్డా.

వానాకాలంలో జ్వరం వచ్చిందని రాశాను కదా, అప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు. పోపు, పాలు, మల్లెపూలు, ఏదీ. అదే సర్దుకుంటుందిలే అని ఎవరికీ చెప్పలేదు. మైనం కరిగించిన రోజు గిన్నెను వేడినీళ్లలో పెట్టకుండా నేరుగా మంట మీద పెట్టి, వాకిట్లో గుడ్డలు కత్తిరిస్తూ కూర్చున్నాను. పక్కింటి లీలమ్మ పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది.

"కమురు వాసన మా ఇంటిదాక వస్తుంది, నీకొస్తలేదా ఏంది?"

ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. ఇప్పుడు రోజూ వచ్చి నా పాలగిన్నె, కూరగిన్నె మూతలు తీసి వాసన చూసిపోతుంది. "నా ముక్కు నీకు కిరాయికిచ్చిన, ఫికర్ జెయ్యకు. గని దవాఖానకు మాత్రం నడువు," అని తనే తీసుకెళ్లింది. మందులిచ్చారు, తిరిగొస్తుందో లేదో చూద్దామన్నారు. బాపుకు నిన్న చెప్పాను. ఈసారి నవ్వలేదు.

వచ్చే ఆదివారం నీకూ నీ స్నేహితులకూ పులిహోర, సర్వపిండి తెమ్మన్నావు. దారిలో పాడైతే నాకు తెలియక మీకు పెడతానేమోనని భయం. నిన్ను దగ్గరకు తీసుకున్నా నీ తలనూనె వాసన తెలియదని తలచుకుంటే దుఃఖం వస్తోంది. ఏదో సాకు చెప్పి రానని రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ మనసు మారింది.

వస్తాను. బాగా చల్లారాక, నువ్వు చెప్పినట్టే మైనపు గుడ్డలో చుట్టి తెస్తాను. మూట విప్పి ముందు నువ్వు వాసన చూడు. బాగుంటేనే అందరూ తినండి. తర్వాత నా పక్కన కూర్చుని ఆ వాసన ఎలా ఉందో చెప్పు. ఇంగువ, చింతపండు, గుడ్డకున్న తేనె, ఒక్కోటీ నిదానంగా చెప్పు. నాకు అవన్నీ ఇంకా గుర్తున్నాయి.

ఇట్లు,
నీ కోసం మూట కట్టుకుని వచ్చే
మీ అమ్మ రాజమణి