పేరు లేని ఫిర్యాదు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, నా మోకాళ్లు, మన మందుల దుకాణం అందరం క్షేమం. నువ్వు, మరదలు, పిల్లలు కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు. మోకాళ్లకు నూనె రాస్తున్నాను. ఊరందరికీ మందులిచ్చేదానికి నువ్వు వైద్యం చెప్పాలా! పైకప్పు కారడం లేదు. పాత కట్టడాల సంఘం వాళ్లకు సన్మానం చేయడానికి మన కొట్టు తప్ప ఇంకేమీ దొరకలేదా అన్నావు, అది కింద రాస్తాను. ఎదురు దుకాణం దర్జీ ఆ సభకు వస్తే నేను రానన్నావు. అక్కడ కూడా అతన్ని కత్తెర అనే రాశావు, చిన్నప్పుడు మీరిద్దరూ జోడీగా తిరిగే రోజుల్లో నువ్వు పెట్టిన పేరే. పంతొమ్మిదేళ్లుగా మాట్లాడని మనిషికి ఇంకా ముద్దుపేరు దేనికో! ఆ సంగతి చివర రాస్తాను, కాస్త ఓపిక పట్టు.

సంఘం తరఫున ఒకావిడ వచ్చింది. చేతిలో ఎప్పుడూ టార్చిలైటే. మిట్టమధ్యాహ్నం కూడా టార్చి వేసి మన గోడ మూలలు చూస్తుంది. మూడు రోజులు పొద్దున్నే తయారు. బ్లేడుతో ద్వారబంధం మీద రంగు గోకి పొరలు లెక్కపెట్టింది. ఏడు. అడుగున లేత నీలం. మనం పుట్టకముందు మన కొట్టు నీలంగా ఉండేదట తమ్ముడూ! నాన్న ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

ఆ తెగులు నాకూ అంటుకుంది. ఆవిడ వెళ్లాక నూటపన్నెండు సొరుగులూ ఒక్కొక్కటే లాగి తిరగేశాను. కొన్నిటి అడుగున వడ్రంగి పెన్సిలు రాతలున్నాయి. ఎక్కువగా కొలతలే. మనిద్దరం వానాకాలమంతా కాలు తన్నిపెట్టి లాగేవాళ్లమే, కింది వరసలో ఆ మొండి సొరుగు, దాని అడుగున ఏముందో తెలుసా? "పచ్చి చెక్క. వానకు బిగుస్తుంది. తిట్టుకోవద్దు." నేలమీద కూలబడి నవ్వాను. ఇన్నేళ్లూ ఎంత తిట్టాం పాపం ఆయన్ని! ఎవరో, ఎక్కడివాడో, ఆ చెక్క పచ్చిదని తెలిసి కూడా ఎందుకు వాడాల్సి వచ్చిందో. రెండు రోజులు అదే ఆలోచన నాకు.

సొరుగులు, గాజుసీసాలు, చలవరాతి బల్ల ఏవీ చెక్కుచెదరకుండా ఉన్నందుకు మన కొట్టుకు ఒక సన్మానం. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ రెండోది కూడా ఉంది. టార్చిలైటు ఆవిడ పురపాలక సంఘం పాత ఫైళ్లలోంచి ఒక కాగితం పట్టుకొచ్చి మన బల్ల ముందు నిలబడి గట్టిగా చదివింది.

"'ఈ కట్టడం మన ఊరి గుర్తు. దీన్ని కూలిస్తే రేపు పిల్లలకు చూపించడానికి అద్దాలు తప్ప ఏమీ మిగలవు.' చూశారా అండీ, పంతొమ్మిదేళ్ల కిందటే ఇంత ముందుచూపా! సంతకం లేదు. మనిషి దొరికితే వేదిక మీద శాలువా కప్పుతాం. దొరక్కపోతే ఈ కాగితాన్నే పెద్దది చేయించి, అద్దం కట్టించి పెడతాం."

సీసాలు తుడిచే గుడ్డ అందుకుని నేను అటు తిరిగాను.

నువ్వు కొట్టు పడగొట్టి మూడంతస్తుల అద్దాల మేడ కట్టాలనుకున్నప్పుడు అనుమతి ఆపించిన ఫిర్యాదు అదే. కూల్చొద్దని నీ మొహం మీద చెప్పినవాడు కత్తెర ఒక్కడే కాబట్టి అది అతని పనే అనుకున్నావు. అతని గుమ్మంలో నిలబడి అనరాని మాటలు అని, నెల తిరక్కుండా ఊరు వదిలి వెళ్లావు.

అది రాసింది నేను.

కట్టడం మీద ప్రేమతో కాదు. నువ్వు బల్ల మీద ప్లాను పరిచి చూపించావు, గుర్తుందా? అందులో నీ గది ఉంది, పిల్లల గది ఉంది, సరుకు పెట్టడానికి గది ఉంది. నాకు లేదు. మర్చిపోయావో, నేనెక్కడికైనా పోతాననుకున్నావో. నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆ ఉక్రోషంలో కూర్చుని ఊరి గుర్తనీ చరిత్రనీ నోటికొచ్చిన పెద్దమాటలన్నీ రాసి పంపాను. అవన్నీ నిజమవుతాయని నాకేం తెలుసు? నువ్వు అతని మీద అరుస్తుంటే మన అరుగు మీద నిలబడి విన్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎప్పుడు చెప్పినా ఆలస్యమే అనిపించింది. ఆ కాగితం అద్దంలోకి ఎక్కితే నా రాత నువ్వు గుర్తుపడతావు. ఆ భయమే లేకపోతే ఈరోజైనా చెప్పేదాన్నా అంటే, ఏమో తమ్ముడూ.

నిన్న వీధి దాటి వెళ్లి ముందు కత్తెరకు చెప్పాను. అతను గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తూ తల కూడా ఎత్తలేదు.

"తెలుసులే అక్కా. వాడు తిట్టిపోయిన మర్నాడే ఆఫీసుకెళ్లి ఆ కాగితం చూపించమన్నాను. మా అమ్మ మందుల పొట్లాల మీద పూటపూటా చూసే నీ రాతేగా."

"మరి వాడికెందుకు చెప్పలేదురా?"

"చెప్పి ఏం చేయను? అప్పటికే వాడికి స్నేహితుడు పోయాడు. అక్క కూడా పోవాలా?"

అని మళ్లీ గీత గీసుకున్నాడు. నేను అతని మిషను పక్కన స్టూలు మీద కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను.

టార్చిలైటు ఆవిడకు ఇంకా చెప్పలేదు. నీకు చెప్పకుండా ఊరికి చెప్పడం న్యాయం కాదు. నువ్వు వచ్చినా రాకపోయినా ఆదివారం సభలో వేదికెక్కి ఆ రాత నాదని, నింద మోసినవాడు అతనని చెబుతాను. శాలువా నాకొద్దు.

వస్తే మాత్రం బస్సు దిగి తిన్నగా మన కొట్టుకు రాకు. ఎదురు గుమ్మం ఎక్కు. అతను తలెత్తకపోయినా ఎత్తేదాకా అక్కడే నిలబడు. నన్ను తిట్టాలనుకున్నవి ఎన్నున్నా ఆ తర్వాత వచ్చి తీరిగ్గా తిట్టు. పడతాను.

ఇట్లు,
నీ తోడబుట్టిన
అక్క