పొడి చేంతాడు

కర్నూలు,
జూన్ 9

ప్రియమైన జ్యోతికి,

మన ఇన్‌స్పెక్టర్ గాబ్రియేలు ఇరవై మూడో కేసు కూడా తేల్చేసినాడు. నవల అచ్చుకు పోయే ముందు ఒక ప్రతి నీకే పంపుతాండా. ఆలూరు హైస్కూల్లో బెంచీ కింద పెట్టుకుని నా రాతలు చదివినదానివి కదా, మొదట నువ్వే చదవాల.

ఈసారి కథ నువ్విచ్చిందే. పోయిన వేసవిలో కంటి ఆపరేషన్‌కు వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు చెప్పినావే, మీ టమోటా తోటలో పనికొచ్చే భీమమ్మ ఆరేండ్ల కిందట బావిలో పడి చచ్చిపోయిందని. నీళ్లు చేదుకుంటా కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. నువ్వు చూసినప్పుడు మాత్రం చేదా, చేంతాడూ గట్టు మీదే పొడిగా ఉన్నాయన్నావు. ఆ మాట నన్ను వదల్లేదు. నీళ్లే చేదనిదానికి కాలెట్లా జారుతుంది? మా గాబ్రియేలు అదే పట్టుకున్నాడు. హంతకుడిగా ఒక లారీ డ్రైవర్ను కల్పించినా. ఊరూ పేర్లూ మార్చినాలే.

తప్పులుంటే రాయి. మీ ఆయన సుబ్బయ్యన్నకు సలాములు.

నీ ముంతాజ్


పత్తికొండ,
జూన్ 15

ప్రియమైన ముంతాజ్‌కు,

ఆ పుస్తకం అచ్చు వేయించొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా.

పార్శిల్ ఆయన చేతికే వచ్చింది. నాకంటే ముందు ఆయనే చదివినాడు. నిన్న అన్నం తింటా తింటా, తలెత్తకుండానే అడిగినాడు: "చేంతాడు పొడిగా ఉన్నట్టు ముంతాజ్‌కెట్ల తెలుసు?"

పోలీసులు వచ్చేసరికి చేంతాడూ చేదా బావిలో ఉండాయి ముంతాజ్. గట్టు మీద పొడిగా ఉండంగా చూసింది ఇద్దరమే. నేనూ, ఆయనా.

ఇంతకంటే రాయలేను. ఫోన్ చేయొద్దు, నా ఫోన్ ఇప్పుడు ఆయన జేబులో ఉంటాది. రాస్తే నేను పాఠాలు చెప్పే అంగన్‌వాడీకి రాయి.

జ్యోతి


కర్నూలు,
జూన్ 21

నా జ్యోతికి,

అచ్చు ఆపించినా. కానీ ఆలస్యమైపోయిందే.

నిన్న పొద్దున సుబ్బయ్యన్న మా ఇంటికి వచ్చినాడు. బుట్టెడు టమోటాలు తెచ్చినాడు. టీ ఇచ్చినా. నవ్వుతానే అడిగినాడు: "ఏమ్మా, ఆ చేంతాడు సంగతి నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్తారన్నా? కథ కదా, కల్పించినా" అన్నా. ఎంచిన టమోటాలనే మళ్లీ ఎంచుతా కూర్చున్నా. ఆయన నా చేతుల్నే చూస్తాన్నాడు.

టీ మొత్తం నిదానంగా తాగినాడు. గడప దగ్గర చెప్పులేసుకుంటా, "మా జ్యోతికి కూడా ఈత రాదమ్మా. రోజూ ఆ బావి పక్కనుంచే పోతాది. నాకు శానా భయం" అన్నాడు.

ఇరవై మూడు పుస్తకాల్లో హంతకుల్ని రాసినా. ఒకణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని టీ పోయలేదు ఎప్పుడూ. ఆయన పోయినాక తలుపు గడియ మూడుసార్లు చూసుకున్నా.

ఈ ఉత్తరం అందగానే బస్సెక్కు. ఇంటికి పోవద్దు, బట్టలు సర్దుకోవద్దు. అంగన్‌వాడీ నుంచే వచ్చెయ్.

నీ కోసం వాకిట్లోనే కూర్చున్న
ముంతాజ్


ఆదోని,
జూలై 8

ప్రియమైన ముంతాజ్‌కు,

బతికే ఉండా. ఇన్నాళ్లూ నిన్ను భయపెట్టినా, మన్నించు. నీ ఉత్తరం అందిన గంటకే బస్సెక్కినా. కర్నూలు బస్సు కాదు, ఆదోని బస్సు. భీమమ్మ కూతురు శివాని ఈడ నర్సుగా చేస్తాంది.

నీ దగ్గర ఒకటి దాచినా. చేంతాడూ చేదా బావిలోకి తోసింది ఆయన కాదు. నేను.

ఆయన భీమమ్మ చెయ్యి పట్టుకున్నాడంట. నలుగురిలో చెప్తానన్నాదంట ఆమె. ఆ పొద్దు నేను తోటలో కాయలు కోస్తాండా. ఆయన బావికాడ్నుంచి వచ్చి, "భీమమ్మ కాలు జారి పడింది. పోయి ఆ తాడు లోపలికి తోసెయ్, లేకుంటే మన ఇల్లు మునుగుతాది" అన్నాడు. ఎందుకని అడగలేదు. తోసినా. నీకు సగమే చెప్పినా. మిగతా సగం నువ్వు కనిపెట్టాలనో, కనిపెట్టవులే అనో, ఇప్పటికీ నాకు తెలీదు.

శివానికి అంతా చెప్పినా. ఇద్దరం పోలీసుల దగ్గరికి పోయినాం. మొన్న ఆయన్ను పట్టుకున్నారు. సాక్ష్యం మాయం చేసినందుకు నా పేరు కూడా కేసులో రాసినారు. రాయనీ. పుస్తకం సంగతి నీ ఇష్టం.

చెప్పిన దినం శివాని నన్ను తిట్టలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఒకే మాట అడిగింది.

"మా అమ్మ అరిచిందా టీచరమ్మా? నీకు వినపడిందా?"

ఆ పిల్ల మొహం చూస్తా అబద్ధం చెప్పలేకపోయినా ముంతాజ్.

"రెండుసార్లు" అన్నా.

నీ జ్యోతి